చైనా కొండ వేరు, పాడేరు కొండ వేరు

"చైనా కొండలన్నిటినీ మెట్లుగా చెక్కి పంట పండిస్తోంది. మన ఏజెన్సీలో గిరిజనులు పోడు పేరుతో అడవి తగలబెడుతున్నారు. ఆ భూములు పెద్ద కంపెనీలకు లీజుకిచ్చి మెషీన్లు దింపితే రాష్ట్రమంతా తినొచ్చు." ఈ మెసేజ్ కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, నిన్న మా బాబాయి కూడా పంపాడు. ఇక జవాబు రాయక తప్పట్లేదు.

ముందు ఆ మెసేజ్‌తో వచ్చిన మెట్ల పొలాల ఫొటో. అది చైనాది కాదు. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో తెగవాళ్ళు తరతరాలుగా చేత్తో కట్టుకున్న వరి మళ్ళు. అందులో కంపెనీ లేదు, మెషీనూ లేదు.

చైనా "కొండలన్నిటినీ" అంటున్నారు. ఏ కొండల్ని? ఉత్తరాన లోయెస్ పీఠభూమిలో గాలి మోసుకొచ్చిన మెత్తటి మట్టి చాలాచోట్ల వంద మీటర్ల మందం ఉంటుంది. ఎంత చెక్కినా అడుగున మళ్ళీ మట్టే. అక్కడ మెట్లు పనిచేశాయి, ఒప్పుకుంటాను. దక్షిణాన యునాన్‌లో హానీ తెగవాళ్ళు కొండ నెత్తిన అడవిని ముట్టుకోరు. ఆ అడవి నుంచి దిగే నీళ్ళే కింది మళ్ళకు ఆధారం. గ్విజౌ సున్నపురాయి కొండల మీద మట్టి పొర పలచన, అది కొట్టుకుపోతే మిగిలేది బండే.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో చైనాయే చూసింది. 1964లో మావో "వ్యవసాయంలో దాజాయ్‌ని చూసి నేర్చుకోండి" అన్నాడు. షాన్సీలోని ఆ ఒక్క ఊరి పద్ధతిని దేశమంతా రుద్దారు. పనికిరాని వాలుల్లోనూ మెట్లు చెక్కారు. దాజాయ్ దిగుబడి లెక్కలు పెంచి చూపినవని తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు. 1991 చట్టంలో 25 డిగ్రీలు దాటిన వాలును కొత్తగా దున్నకూడదని రాసుకున్నారు. 1998 వరదల తర్వాత, 1999 నుంచి అలాంటి వాలు పొలాలను అడవికి వదిలిన రైతులకు ధాన్యమూ డబ్బూ ఇచ్చారు. చైనాను చూసి నేర్చుకోవాలంటే ఇది కూడా నేర్చుకోవాలి కదా!

ఇప్పుడు పోడు. ఈ ఒక్క పాయింట్‌లో కొంత నిజం ఉంది. ఒకప్పుడు ఏళ్ళ తరబడి బీడు వదిలిన వాలును ఇప్పుడు రెండు మూడేళ్ళకే మళ్ళీ కొడుతున్నారు. జనం పెరిగారు, భూమి పెరగలేదు. మట్టి కొట్టుకొని గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి పోతోంది. కానీ అదే వాలు మీద జేసీబీ పెడితే ఏమవుతుందో ఆలోచించండి. పోడు కొట్టేవాళ్ళు మొదళ్ళు ఉంచుతారు, చింత, మామిడి, జీలుగు జోలికి పోరు. వేర్లు మట్టిని పట్టుకునే ఉంటాయి. బకెట్ దిగిందంటే ఆ వేళ్ళు పెకిలిపోతాయి, జానెడు పైమట్టి అడుక్కి పోయి కింది గరప పైకొస్తుంది. లోయెస్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 400, 500 మిల్లీమీటర్ల వాన. మన ఏజెన్సీలో సుమారు 1,200. ఒక్క తుఫాను చాలు.

మెసేజ్ చదివితే గిరిజనులకు మెట్లు తెలియవనిపిస్తుంది. అది పచ్చి అబద్ధం. సీతంపేట నుంచి ఒడిశా గజపతి జిల్లా దాకా సవరల మళ్ళు చూడండి. గెడ్డ వారనే, నీళ్ళు అందేచోటే, రాతి గోడ పేర్చి కడతారు. కొండంతా చెక్కరు.

అన్నిటికంటే ప్రమాదమైన మాట ఆ "కంపెనీలకు లీజు". ఇది తెలియక పంపుతున్నారా, తెలిసే పంపుతున్నారా? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు పోకూడదని 1/70 చట్టం. ప్రభుత్వం కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు అక్కడ లీజు ఇవ్వకూడదని 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రక్షణ ఉండబట్టే ఈ భూములు ఇంకా ఆ మనుషుల చేతిలో ఉన్నాయి. దాన్ని తీసేయమని అడుగుతూ దానికి అభివృద్ధి అని పేరు పెడతారా? అరకు కాఫీ ఎవరు పండిస్తున్నారు? చాలావరకు ఎకరం, రెండెకరాల గిరిజన రైతులే. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే పాకించిన మిరియాలు. వాలు చెక్కలేదు, చెట్టు కొట్టలేదు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పోడుకు ప్రత్యామ్నాయం కావాలంటే కళ్ళెదుటే ఉంది, రాతి కట్టలకూ మొక్కలకూ కాస్త డబ్బు పెట్టమని అడగండి, నేనూ మీతో వస్తాను.

ఇక మెషీన్లు. రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న ఊళ్ళు అక్కడ ఇంకా ఉన్నాయి. అంత పెద్ద యంత్రాలు కొండెక్కే దారి వేయగలిగితే, ముందు అంబులెన్స్ పంపండి.