రాష్ట్రంలో మూడో వంతు పిల్లలకు ఒకే తాతా?

మళ్లీ అదే మెసేజ్. కాలేజీ గ్రూపులో ఒకరు, చుట్టాల గ్రూపులో ఇద్దరు పంపారు. "పసిపిల్లల తిండి గురించి ఆశా వర్కర్లకిచ్చే ట్రైనింగులకు కోట్లు తగలేస్తున్నారు. ఎత్తు వంశాన్ని బట్టి వస్తుంది. ట్రైనింగులతో పిల్లలు పొడుగవుతారా? టెన్త్ చదివినావిడ తల్లులకు నేర్పేదేంటి? మూడో నెల నుంచే పప్పుకట్టు పట్టండి, బిడ్డ ఏపుగా ఎదుగుతుంది."

వంశమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల చార్టుల కోసం నార్వే, ఘనా పిల్లలతో పాటు మన దక్షిణ ఢిల్లీ పిల్లల్నీ కొలిచారు. తిండికీ వైద్యానికీ లోటులేని ఇళ్లలో అందరూ ఇంచుమించు ఒకేలా ఎదిగారు. మరి 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రలో 31.2 శాతం. వీళ్లందరికీ ఒకే పొట్టి తాతగారా?

టెన్త్ చదువు గురించి ఏం చెప్పను? ఈ మెసేజ్ పంపినవాళ్లలో ఇద్దరు పీజీలు.

పప్పుకట్టు దగ్గర మాత్రం నాకు ఓపిక లేదు. మూడో నెలలో కట్టు పట్టిస్తే బిడ్డ తల్లిపాలు తాగడం తగ్గుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. మాటిమాటికీ విరేచనాలయ్యే బిడ్డ ఏం ఎదుగుతుంది? ఆరు నెలలు నిండాక కూడా కట్టు చాలదు. గిన్నె అడుగున పప్పు పెద్దవాళ్లకు, పైన తేలిన నీళ్లు బిడ్డకు. పొట్ట నిండుతుంది, బలం సున్నా. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పప్పు మెదిపి, కాస్త నూనె కలిపి పెట్టాలి. ఇది చెప్పడం తేలికే. పక్కన అత్తగారు "మేం పెంచలేదా పిల్లల్ని" అని సాగదీస్తుంటే కోడలికి ధైర్యం చెప్పి, అత్తగారినీ నొప్పించకుండా ఒప్పించడం ఊరికే వస్తుందా? 2018లో మొదలైన పథకం ప్రకారం ఆశా 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికెళ్లాలి. ఒక్కో బిడ్డకు అయిదుసార్లకూ కలిపి ఆవిడ చేతికొచ్చేది 250 రూపాయలు. ఇవీ మీ కోట్లు! మూడో నెలలోనే ఎందుకంటారా? మీలాంటి సలహాదారులు సరిగ్గా అప్పుడే దిగుతారు గనక.

ట్రైనింగులతో పిల్లలు పొడుగవుతారా అన్నారే, ఆ ఒక్క ప్రశ్నలో పస ఉంది. ఓ పరిశోధన కోసం జార్ఖండ్, ఒడిశాల్లో శిక్షణ పొందిన ఊరి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, తల్లులతో సమావేశాలు పెట్టారు. 2017లో ఫలితాలు వచ్చాయి. పిల్లల పొడవులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాకపోతే తిండిలో రకాలు పెరిగాయి, బరువు తక్కువ పిల్లలు తగ్గారు, పసివాళ్ల చావులూ తగ్గాయి. మాటలతో గుడ్డు కొనే డబ్బు రాదు, తాగే నీళ్లు శుభ్రపడవు. ఆ రెండూ కావాలని అడగండి, మీ వెంట నేనూ వస్తాను. ట్రైనింగ్ ఆపేయమని మాత్రం ఆ ఫలితాల్లో ఎక్కడా లేదు.