సున్నాకి ఎన్ని మార్కులు?

మొన్న ఉగాదికి మా సంఘం వాళ్లం మాంట్రియల్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకున్నాం. స్టేజీ మీద పిల్లల డ్యాన్సులు, వెనకాల మైకు గొడవ. నేను పులిహోర దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాను. నా పక్కన పెరుగన్నం వడ్డిస్తున్న కుర్రాడు హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చి ఏడాదైంది. మాటల్లో మాటగా ఎంఎంఏ ఫైట్ల మీదికి, అంటే కుస్తీ, బాక్సింగ్, కరాటే అన్నీ కలిపి కేజ్‌లో ఆడే పోటీల మీదికి వెళ్లాం. "అసలు డిస్కషనే లేదంకుల్, ఖబీబే గోట్. ఇరవై తొమ్మిది ఫైట్లు, ఓటమి సున్నా" అన్నాడు. గోట్ అంటే వీళ్ల భాషలో ఎప్పటికీ అందరికన్నా గొప్పవాడని.

మా చిన్నప్పుడు సున్నా వస్తే వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు అదే సున్నా కిరీటంలో వజ్రమైపోయింది! ఎంసెట్ ర్యాంకు అడక్కుండా పెళ్లి సంబంధం కూడా మాట్లాడని జాతి మనది. ఆటగాళ్లకీ ర్యాంకులు వేయకపోతే మనకి నిద్ర పట్టదు. సరే, వేద్దాం. కానీ మార్కులు దేనికి వేస్తున్నామో ముందు తేలాలి.

రష్యా ఫైటర్ ఖబీబ్ నూర్మగొమెదోవ్ గొప్పవాడు కాదని నేననను. 2018 అక్టోబర్ 6న లాస్ వెగాస్‌లో ఐర్లండ్ స్టార్ మెక్‌గ్రెగర్‌తో జరిగిన ఫైట్ మొదటి రౌండ్ మళ్లీ పెట్టుకుని చూడండి. కబడ్డీ ఆడినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. రైడర్ కాలు దొరికాక వదలని డిఫెండర్‌లా ఒక కాలు పట్టుకుని గుంజి, కంచె దగ్గర కింద పడేశాడు. అక్కణ్ణుంచి అసలు పని. తన కాళ్లతో అవతలివాడి రెండు కాళ్లనీ కలిపి మెలేస్తాడు, తాడు లేకుండా కట్టేసినట్టు. లేవాలని చెయ్యి కింద ఆనిస్తే ఆ మణికట్టు లాగేసి పట్టుకుంటాడు, ఖాళీగా ఉన్న రెండో చేత్తో మొహం మీద గుద్దుతాడు. ఉడుంపట్టు అంటామే, అది. నాలుగో రౌండ్‌లో మెడ పట్టుకి మెక్‌గ్రెగర్ ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. తర్వాత ఖబీబ్ కేజ్ దూకి అవతలి జట్టువాళ్ల మీద పడటం, తొమ్మిది నెలల సస్పెన్షన్, 5 లక్షల డాలర్ల జరిమానా వేరే కథ.

ఇప్పుడు ఆ 29 విప్పి చూద్దాం. అందులో 16, ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద లీగైన యూఎఫ్‌సీలోకి రాకముందువి. మిగిలిన 13లో టైటిల్ ఫైట్లు నాలుగే. మొదటిది 2018 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో. అదే బరువులో మరో మేటి ఫెర్గూసన్‌తో జరగాల్సింది, అతను గాయపడ్డాడు. బదులుగా వచ్చిన హాలోవేని, ఫైట్లకి అనుమతిచ్చే కమిషన్ వద్దంది. చివరికి ఒక్కరోజు ముందు ఖరారైన అల్ ఐయాక్వింటా మీద గెలిచి బెల్టు కట్టుకున్నాడు. ఆ తర్వాత దాన్ని నిలబెట్టుకున్నది మూడుసార్లు: రెండేళ్లుగా కేజ్‌లోకే రాని మెక్‌గ్రెగర్, పోరియే, గేచీ. ఫెర్గూసన్‌తో ఫైట్ మొత్తం ఐదుసార్లు పెట్టారు, ఐదుసార్లూ చెడింది. కొన్నిసార్లు ఇతని వల్ల, కొన్నిసార్లు అతని వల్ల, చివరిసారి కరోనా వల్ల. గాయాలతో 2014 ఏప్రిల్ నుంచి రెండేళ్లు అసలు ఫైటే లేదు. ఇందులో చాలావరకు అతని తప్పు కాదు. కానీ రాయని పరీక్షకి మార్కులెలా వేస్తాం? అతని దగ్గరే తయారైన ఇస్లాం మఖాచెవ్ అదే బెల్టుని నాలుగుసార్లు నిలబెట్టుకున్నాడు.

ఇక నా నంబర్ వన్. జార్జ్ సెయింట్ పియర్, అందరూ పిలిచే పేరు జీఎస్పీ. మా ఊరివాడని పక్షపాతం ఉంది, ఒప్పుకుంటున్నాను. మాంట్రియల్‌కి దక్షిణాన ఒక పల్లెలో పుట్టాడు. స్కూల్లో పెద్దపిల్లలు ఏడిపిస్తుంటే కరాటే నేర్చుకున్నాడు, చెత్తబండి మీద పనిచేశాడు. వెల్టర్‌వెయిట్ అనే బరువు తరగతి టైటిల్‌ని వరసగా తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు. కానీ నేను మార్కులు వేసేది ఆ తొమ్మిదికి కాదు, అంతకుముందు పడిన దెబ్బకి.

2007 ఏప్రిల్, హ్యూస్టన్. ఎదురుగా మ్యాట్ సెర్రా. ఒక టీవీ షో గెలిచి టైటిల్ ఛాన్స్ కొట్టేశాడు, ఎవరికీ అతని మీద ఆశ లేదు. మొదటి రౌండ్‌లోనే జీఎస్పీని గుద్ది పడేశాడు. ఛాంపియన్ అయ్యాక అదే అతని మొదటి పరీక్ష, అందులోనే ఫెయిల్. ఆ ఓటమి ఎంతకీ వదలకపోతే, సెర్రా పేరు రాసిన ఇటుక ఒకటి నదిలోకి విసిరేయమన్నాడట అతని సైకాలజిస్టు. విసిరేశాడట కూడా. మనవాళ్లు దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టినట్టే అనిపించింది నాకు విన్నప్పుడు.

ఏడాది తర్వాత, 2008 ఏప్రిల్ 19న, ఇక్కడే బెల్ సెంటర్‌లో మళ్లీ సెర్రా. కెనడాలో యూఎఫ్‌సీకి అదే తొలి ఫైట్ నైట్. ఆఫీసులో పక్కసీటు అతను ఒక టికెట్ ఎక్కువుందంటే, ఫైటింగ్ అంటే ఏమిటో తెలియకుండానే వెళ్లి పైవరసలో కూచున్నాను. గంట కొట్టిన కొన్ని క్షణాలకే జీఎస్పీ సెర్రాని కింద పడేశాడు. ఈసారి గుద్దులాటకి దిగే తొందరే లేదు. రెండో రౌండ్ చివర్లో సెర్రా ముడుచుకుని మోకాళ్ల మీదికి ఒదిగిపోయాడు, ఇతను పక్కనుంచి డొక్కలోకి మోకాలు దించుతూనే ఉన్నాడు, రిఫరీ వచ్చి ఆపేదాకా. ఇరవై వేల మందికి పైగా జనం. నా పక్కనున్న పెద్దాయన టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆటలో ఏడుపేమిటా అనుకున్నాను ఆరోజు.

అతను ఓడింది ఇద్దరి చేతిలో, హ్యూస్, సెర్రా. ఇద్దరినీ మళ్లీ ఎదురుపడి ఓడించాడు. ఓడాక లేచి నిలబడగలవా అని సున్నా ఉన్నవాణ్ని అడగడానికే కుదరదు.

బోరింగ్ ఫైటర్ అంటారు. నిజమే, ఆ తొమ్మిదిలో ఎనిమిది జడ్జిల లెక్క దాకా వెళ్లినవే. 2010 డిసెంబర్‌లో జాష్ కాస్‌చెక్‌తో ఐదు రౌండ్లూ ఎడమచేత్తో సూటిగా పొడిచే జ్యాబ్, మళ్లీ జ్యాబ్, మళ్లీ అదే. బోరే. కాకపోతే ఆ బోరుకి కాస్‌చెక్ కంటిగూడు ఎముక విరిగింది. 2013లో హెండ్రిక్స్ మీద గెలుపు నాకూ మింగుడుపడలేదు, ఓడాడనే అనుకున్నాను. అది కూడా లెక్కలో వేసుకునే చెబుతున్నాను. మోకాలి ఆపరేషన్ తర్వాత 2012లో కాండిట్ తలమీద కాలితో తంతే వెల్లకిలా పడ్డాడు. ఇంక అయిపోయిందనుకుంటే లేచి ఆ ఫైట్ గెలిచాడు. నాలుగేళ్లు పక్కన కూచుని, 2017లో తనకంటే పెద్ద బరువు బిస్పింగ్ మీద రెండో టైటిల్ కొట్టాడు.

చాలామంది గోట్ అనే ఇంకో ఛాంపియన్ జాన్ జోన్స్ పేరు రాలేదేమిటంటారని తెలుసు. 2017లో కార్మియర్ మీద గెలుపు డ్రగ్ టెస్టుతో రద్దయింది, నాకు అది చాలు. సంపాదకులకి ఉత్తరాలు వస్తే నాకు పంపండి. రెండో చోటు డిమిట్రియస్ జాన్సన్‌కి, పదకొండుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు మరి. తక్కువ బరువు వాడని జనం పట్టించుకోలేదు గానీ. మా అమ్మాయి ఈ లిస్టు చూసి "అమాండా న్యూన్స్ ఏది నాన్నా?" అంది. పేరుమోసిన ఆడ ఫైటర్లు రౌజీని 48 సెకన్లలో, సైబోర్గ్‌ని 51 సెకన్లలో ముగించినామెని మర్చిపోయాను, చెంపలేసుకున్నాను. మూడు ఆమెది. నాలుగు ఖబీబ్‌ది.

రష్యా హెవీవెయిట్ ఫెడోర్ సంగతీ ఇక్కడే చెప్పాలి. దాదాపు పదేళ్లు ఓటమి లేని మనిషి, 2010లో వెర్డూమ్ చేతిలో 69 సెకన్లలో చిక్కాడు, ఆ వెంటనే ఇంకో రెండు ఓడాడు. ఒక్క ఫైట్ ముందు ఆపేసుంటే ఇవాళ్టి కుర్రాళ్లు అతన్నీ ఖబీబ్ పక్కనే పెట్టేవాళ్లు. ఖబీబ్ ఆపేశాడు. తండ్రి, గురువు అబ్దుల్‌మనాప్ 2020 జులైలో పోయాడు. అక్టోబర్ 24న అబుదాబీలో గేచీని ఓడించి, నాన్న లేకుండా ఆడనని అమ్మకి మాటిచ్చానని చెప్పి, గ్లవ్స్ విప్పి కేజ్ మధ్యలో పెట్టి వెళ్లిపోయాడు. అది చూసి నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. దానికి మార్కులు వేసే కాలమ్ నా దగ్గర లేదు.

ఇదంతా చెప్పేసరికి పులిహోర అడుక్కొచ్చింది. కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. ఖబీబ్ తన ముప్పయ్యో ఫైట్ జీఎస్పీతో ఆడాలన్నది అబ్దుల్‌మనాప్ కోరిక, అది జరగనేలేదు. దాన్నే పట్టుకున్నాడు వాడు.

"సరే అంకుల్. ఇద్దరూ మంచి ఫామ్‌లో ఉన్నారు, బరువు కుదిరింది, ఒక్క రాత్రి, ఒక్కటే ఫైట్. ఎవరి మీద పందెం కాస్తారు?"

క్యూలో ఆఖరి ఇద్దరికీ వడ్డించేదాకా జవాబు చెప్పలేదు.

"ఖబీబ్ మీదే" అన్నాను.

వాడు నవ్వుతూ తన గరిటె తీసి నా చేతికిచ్చి, స్టేజీ వైపు వెళ్లిపోయాడు.