పది రూపాయల చట్టం, పాటిదిబ్బల చరిత్ర

గుప్త నిధుల ముఠా వార్తలు మనకు కొత్త కాదు. పాడుబడిన శివాలయం, పగలగొట్టిన నంది, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, పక్కన ఒక మెటల్ డిటెక్టర్. పోలీసులు బల్ల మీద పేర్చి ఫొటో తీయించే సరంజామాలో ఈ డిటెక్టర్ తప్పనిసరి అయిపోయింది. దాంతో ఆ యంత్రం చేతిలో ఉన్న ప్రతివాడూ దొంగే అనుకోవడం జనానికి అలవాటైంది. గోదావరి డెల్టాలో దాన్ని సరదా కోసం కొనుక్కుని, సెలవు రోజున కాలవ గట్ల మీద, సముద్రపు ఒడ్డున తిరిగేవాళ్లూ ఉన్నారు. ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పరు. పక్క ఊళ్లో తనలాంటివాడే ఇంకొకడున్నా పరిచయం చేసుకోరు. దొరికింది డబ్బాలో వేసి బీరువాలో దాచేస్తారు.

వీళ్లు బయటికి రావాలి. ఒకరినొకరు కలవాలి, ఏ ఊళ్లో ఏం దొరికిందో చెప్పుకోవాలి, మ్యూజియానికి చూపించాలి. ఆ పని భయం లేకుండా చేసుకునే దారిని ప్రభుత్వం వేయాలి. ఈ రహస్యం వల్ల ఇప్పుడు బాగుపడుతున్నది ముఠాలూ, బియ్యపు గింజలను లాగే మహిమ ఉందంటూ ‘రైస్ పుల్లింగ్’ చెంబులు అంటగట్టే మోసగాళ్లూ మాత్రమే.

ఆ యంత్రం ఏం చేయగలదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. నాణెం సైజు వస్తువైతే జానెడు లోతులో పసిగడుతుంది, అదృష్టం బాగుంటే ఇంకో నాలుగు వేళ్లు. ఉప్పు తడి ఉన్న నేలలో ఆ మాత్రం కూడా కష్టమే. అంతర్వేది వైపు నల్ల ఇసుక మీదైతే ఊరికే అరుస్తుంది. మోగిన చోటల్లా తవ్వితే వచ్చేవి బీరు సీసా మూతలు, గుట్కా పొట్లాల రేకులు, ఎద్దుల నాడాలు, మేకులు.

డెల్టా చరిత్ర జానెడు లోతులో ఆగదు. గోదావరి వందల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోస్తూనే ఉంది. పాత నేల ఆ ఒండ్రు అడుగున ఎక్కడో ఉంటుంది. దాన్ని పైకి తెస్తున్నది పొక్లెయిన్లు. రొయ్యల చెరువు తవ్వితే, కాలవ పూడిక తీస్తే, లేఅవుట్‌కు మెరక తోలితే, అడుగున ఉన్న మట్టి వచ్చి గట్టు మీద కుప్ప పడుతుంది. అంతకుముందు ఈ పని పలుగూ పారా చేశాయి. పాటిమన్ను చేలకు బలం అని తరతరాలుగా పాటిదిబ్బలను, అంటే పాత ఊళ్లు పాడుబడి మిగిలిన దిబ్బలను, బళ్లకెత్తి పొలాల్లో చల్లారు. పాత ఊళ్ల పెంకులు, పూసలు, నాణేలు ఎరువుతో పాటే వరిచేలల్లో కలిసిపోయాయి. కోనసీమలో ఆదుర్రు స్తూపం రక్షిత స్థలం కాబట్టి నిలబడింది. ఏ బోర్డూ లేని దిబ్బల గతి ఏమైందో ఏ పాత రైతును అడిగినా చెబుతాడు.

తవ్వకం ఎలాగూ జరుగుతోంది, రోజూ జరుగుతోంది, అన్ని అనుమతులతోనూ జరుగుతోంది. చెరువు గట్టు మీద ఆరుతున్న ఆ మట్టిని లారీ ఎత్తుకుపోయేలోగా చూసేవాడే లేడు. పురావస్తు శాఖకు అంతమంది మనుషులు లేరు, రాబోరు కూడా. ఆ పని మీద ఇష్టంతో ఎండలో తిరిగేవాడు ఉండి కూడా మనం అతణ్ని దొంగల లెక్కలో వేశాం.

ఉదాహరణకు 1808 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం తీసుకోండి. ఒకవైపు రెండు సింహాలు మోస్తున్న కంపెనీ ముద్ర, కింద సంవత్సరం. రెండోవైపు ఫారసీ రాత, దాని కింద పది కాసుల విలువ. ఇంగ్లండులో అచ్చు వేసి మద్రాసుకు పంపారు. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809లో ఇంగ్లండు తీరంలోనే మునిగిపోయింది. సముద్రం అడుగు నుంచి వాటిని కుప్పలుగా తీశారు కాబట్టి సంతలో అది అపురూపం కాదు. అదే నాణెం నరసాపురం దగ్గర ఒక గట్టు కింద, కాటన్ దొర కాలవల కన్నా పాత మట్టిలో దొరికితే లెక్క మారిపోతుంది. అక్కడ రేవుందా, సంత జరిగేదా, దారి పోయేదా అన్న ప్రశ్నలు పుడతాయి. పక్క ఊళ్లో ఇంకొకరికి అలాంటివే నాలుగు దొరికాయని తెలిస్తే జవాబు కూడా దొరకొచ్చు. నాణెం డబ్బాలో పడి, దొరికిన చోటు మనిషి జ్ఞాపకంలోనే మిగిలిపోతే ఇదేదీ జరగదు.

దొరికినవాడు ఇంటికెళ్లి మొదట చేసే పని కూడా చెప్పాలి. చింతపండు పెట్టి తళతళా తోమేస్తాడు. రాగి మీద ఆకుపచ్చగా పేరుకున్న పొర రెండు వందల ఏళ్లు ఆ నాణేన్ని కాపాడింది. ఇత్తడి బిందెను తోమినట్టు తోమితే పొరతో పాటు అక్షరాలూ పోతాయి. సీసపు నాణేలది ఇంకా అన్యాయం. కోరమండల్ తీరంలో దొరికిన శాతవాహనుల సీసపు నాణేలు కొన్నింటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. మట్టిలోంచి తీసినప్పుడు అది బూడిద రంగులో, వంకరగా ఉన్న ఒక బిళ్ల. చేపల వలకు కట్టే సీసపు గుళ్లు చూసి పెరిగినవాడు దాన్ని కరిగించే సీసం కుప్పలో వేస్తే అతణ్ని తప్పుపట్టలేం. ‘ఆగు, అది పారెయ్యకు’ అని చెప్పే మనిషి పక్కన ఉండాలి. అభిరుచి ఉన్నవాళ్లు కలుసుకుంటే మొదటి లాభం ఇదే.

మరి ఎందుకు కలుసుకోరు? చట్టం చదివితే తెలుస్తుంది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ మన నెత్తిన ఉంది. నేలలో దాగిన, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది దాకా జైలు. పది రూపాయలు 1878లో ఎంత, ఇవాళ ఎంత? టీ కూడా రాని డబ్బు దగ్గర చట్టం నేరానికి గీత గీసింది.

సరే, నిజాయితీపరుడు ఒకడు వెళ్లి చెప్పాడనుకుందాం. ప్రకటన వేస్తారు, హక్కుదారులెవరైనా ఉంటే రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల గడువు. ఎవరూ రాకపోతే మూడొంతులు దొరికినవాడికి, ఒక వంతు నేల యజమానికి. ఇక్కడిదాకా న్యాయంగానే ఉంది. కానీ ప్రభుత్వం ఆ వస్తువును తానే తీసుకోదలిస్తే అది చెల్లించాల్సింది లోహం విలువ, దాని మీద ఐదో వంతు అదనం. అంతే. నన్నయ రాసిన నందంపూడి శాసనం, అంబాజీపేట పక్క ఊరిది, 1053 నాటి రాగిరేకులు. అలాంటిది రేపు ఏ చెరువు మట్టిలోనో బయటపడితే ఈ లెక్కన దాని ఖరీదు పాత రాగి రేటుకు ఇరవై శాతం ఎక్కువ. వేంగి చాళుక్యుల రేకులను కలిపే కడియం మీద వరాహం, అంకుశం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు ఉంటాయి. పాత ఇనుము కొట్టువాడు ఆ ముద్రను తూకంలో వేస్తాడు. మన చట్టం కూడా తూకంలోనే వేస్తోంది.

బ్రిటన్ ఇదే చిక్కును ఎలా విప్పుకుందో చూడండి. అక్కడ 1996లో కొత్త చట్టం తెచ్చారు, మరుసటి ఏడాది నుంచి దొరికిన చిన్నాచితకా వస్తువులనూ స్వచ్ఛందంగా నమోదు చేయించుకునే పథకం మొదలుపెట్టారు. పురావస్తు అధికారులు డిటెక్టర్ క్లబ్బుల సమావేశాలకు వెళ్తారు, వస్తువు చూస్తారు, చోటు రాసుకుంటారు, చాలావాటిని తిరిగి ఇచ్చేస్తారు. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక డిటెక్టర్ ఔత్సాహికుడికి పొలంలో ఆంగ్లో శాక్సన్ల బంగారం దొరికితే 32.85 లక్షల పౌండ్లు విలువ కట్టి అతనికీ రైతుకూ చెరి సగం ఇచ్చారు. నిధి మ్యూజియాలకు చేరింది. నిజం చెప్పినందుకు అక్కడ డబ్బు ముట్టింది, మన దగ్గర స్టేషన్ మెట్లెక్కాలి.

పురావస్తువాళ్ల అభ్యంతరం నాకు తెలుసు. వస్తువును అది ఉన్న మట్టి పొరలోంచి పెరికితే అది చెప్పే కథ సగం పోతుంది, ఊరూపేరూ బయటపెడితే ముఠాలకు దారి చూపినట్టే అంటారు. అందులో బలం ఉంది. రక్షిత స్థలాల దరిదాపులకు ఈ యంత్రం వెళ్లకూడదు, అనుమతి లేకుండా అక్కడ తవ్వితే నేరమే, వంద ఏళ్లు దాటిన వస్తువును దేశం దాటించినా నేరమే. ఇందులో రాజీ అక్కర్లేదు. కానీ దున్నిన చేను, పొక్లెయిన్ తోడిన కుప్ప ఇప్పటికే చెదిరిపోయిన పొరలు. ఖచ్చితమైన చోటు మ్యూజియానికి చెప్పి, తోటివాళ్లకు ఊరి పేరు మాత్రం చెబితే సరిపోతుంది. ముఠాలకు ఎవరి సమావేశాలూ అవసరం లేదు. వాళ్లకు కావలసిన గుడి ఎక్కడుందో వాళ్లకు ఎప్పుడో తెలుసు.

అసలు డెల్టా చరిత్రను వెలికితీసిందెవరు? 1922లో, రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్లు నిండిన ఏడాది, రాజమండ్రిలో రాళ్లబండి సుబ్బారావు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు. సర్కారు ఉత్తర్వు మీద పెట్టింది కాదు, చరిత్ర మీద మోజున్నవాళ్లు కూడి పెట్టుకున్నది. శాసనాలు సేకరించారు, పత్రిక నడిపారు. ఈ రోజు రాజమహేంద్రవరం మ్యూజియానికి ఉన్న పేరు ఆయనదే. ఔత్సాహికులు చేసిన పనికి ప్రభుత్వం బోర్డు పెట్టుకుంది గానీ అలాంటి ఔత్సాహికులు మళ్లీ పుట్టే వీలు మాత్రం మిగల్చలేదు.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ కెలుకుతూ ఉంటుంది. ధవళేశ్వరంలో తూర్పు చాళుక్యుల, చోళుల బంగారు నాణేల నిధి బయటపడింది. దాని మీద పుస్తకం అచ్చు వేసింది మద్రాసు మ్యూజియం. మన నేలలో దొరికినదాని గురించి మనం చెన్నై ప్రచురణల్లో చదువుకోవాలి. రాష్ట్రాలు విడిపోయాయి, జిల్లాలు విడిపోయి 2022లో కోనసీమకు సొంత జిల్లా వచ్చింది, కలెక్టరేట్ వచ్చింది. మ్యూజియం ఏది? ఏలూరు పక్కన పెదవేగిలో శాలంకాయనులు ఏలారు, బిక్కవోలులో చాళుక్యుల గుళ్లు నిలబడి ఉన్నాయి, యానాంలో ఫ్రెంచివాళ్లు 1954 దాకా ఉన్నారు, పాలకొల్లులో డచ్చివాళ్లు వర్తకం చేశారు. ఇంత సరుకున్న సీమలో పిల్లలకు ఊరి చరిత్ర చూపించాలంటే బస్సెక్కించి ఊరు దాటించాలి. దొరికిన వస్తువు దొరికిన జిల్లాలోనే ఉంటుందని గట్టి హామీ ఉంటే, బీరువాల్లో ఉన్నవి వాటంతటవే బయటికొస్తాయి.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లకూ రోడ్లకూ తవ్వకాలు తప్పవు. రైలు వంతెన దాటేటప్పుడు నదిలోకి రూపాయి విసరని ప్రయాణికుడు ఉండడు. 1900లో హేవ్‌లాక్ వంతెన వచ్చినప్పటి నుంచి చూసుకున్నా ఆ ఇసుకలో ఎన్ని కాలాల నాణేలున్నాయో ఊహించండి. అయస్కాంతం కట్టిన తాడుతో కుర్రాళ్లు ఏరేది ఉక్కు నాణేలే. రాగీ వెండీ అయస్కాంతానికి అంటవు, ఇసుకలోనే ఉండిపోతాయి. కాబట్టి పనుల టెండర్లలో ఒక్క షరతు పెట్టండి. తోడిన మట్టిని లారీ ఎక్కించే ముందు ఒక పూట పరిచి ఉంచాలి. పురావస్తు శాఖ మనిషి ఒకరు దగ్గరుండాలి, పేరు నమోదు చేయించుకున్న డిటెక్టర్ ఔత్సాహికులను ఆ మట్టి మీదికి వదలాలి. దొరికిందల్లా అక్కడే పుస్తకంలోకి ఎక్కాలి, రాజమహేంద్రవరం మ్యూజియానికి చేరాలి. దీనికి వేరే నిధులు కూడా అక్కర్లేదు. యంత్రాలు వాళ్లవే, ఖర్చయ్యే ఆదివారాలూ వాళ్లవే.