ఎగరని ఫ్లెమింగోకు విలువేం ఉంది?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డెక్కి, పులికాట్ సరస్సు నడిమధ్య కారాపుకున్న పెద్దమనిషికి జరుగుతున్న అన్యాయాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పెట్రోలు పోయించి, పులిహోర కట్టించుకుని అంత దూరం వస్తే ఫ్లెమింగోలు వంచిన తల ఎత్తవు. దూరం నుంచి ఆరేసిన పంచెల్లా తెల్లగా కనిపిస్తాయి. ఎరుపంతా బీరువాలో పట్టుచీరలా రెక్కల మడతల్లో దాచుకుంటాయి. రెక్క విప్పితేనే ఆ ఎరుపూ, అంచు నలుపూ బయటపడేది. రీల్‌కు కావలసిందీ అదే. కాబట్టి లేపాలి.

ముందు కారు తలుపు ధడేల్. తర్వాత హారన్. ఆ తర్వాత ఈల. అప్పటికీ లేవకపోతే హీరో స్వయంగా దిగుతాడు. ఒడ్డున ఎండి నెర్రెలిచ్చిన మట్టి గచ్చులా కనిపిస్తుంది. గట్టిదనమంతా పైపొరే, కింద జిగటబురద. కాస్త దూరం నడక బాగానే ఉంటుంది. తర్వాత ఒక కాలు మోకాలిదాకా దిగబడుతుంది. దాన్ని పీకడానికి రెండో కాలు ఊనితే అదీ దిగుతుంది. కాలొస్తుంది, చెప్పు రాదు. చెప్పు కోసం వంగితే కళ్లజోడు జారుతుంది. ఒడ్డున ఫోను పట్టుకున్న బావమరిది మాత్రం తన పనిలో ఉంటాడు: “బావా, ఇంకొంచెం ఎడమకి. పక్షులు రావట్లేదు.” పక్షులు వెళ్లిపోయి అప్పటికే చాలాసేపయింది.

అవి అక్కడ ఖాళీగా నిలబడి లేవు. కాళ్లతో బురద తొక్కి, ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకను పంపులా ఆడిస్తూ, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లలాంటి జల్లెడతో నలుసంత తిండిని వడగట్టుకుంటాయి. గంటల తరబడి సాగితేనే పొట్ట నిండే పని. పైగా ఉన్నచోటి నుంచి లేవలేవు, నీళ్లమీద పరుగెత్తాలి. తిన్నది ఆ పరుగుకే ఖర్చు. దిగి మళ్లీ తల వంచేలోగా ఇంకో కారు.

వేటంటే తుపాకీయే అనుకుంటున్నట్టుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చిన వేట నిర్వచనంలో తరమడమూ ఉంది, పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడమూ ఉంది. అయినా పక్కనే నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల (పెలికాన్ల) గూళ్లమీద డ్రోన్ ఎగరేయాలని చూసేవాళ్లున్నారు. తల్లి బెదిరి లేస్తే ఈకలైనా రాని పిల్ల ఎండకు మాడుతుంది, గుడ్డు కాకి పాలవుతుంది. ఆ వీడియోకు వెనక వీణ సంగీతం పెట్టి, కింద ‘ప్రకృతి ప్రేమికుడు’ అని రాసుకోవడం! ప్రేమట. సిగ్గులేని జన్మలు.

ఇంకో పద్ధతుంది గానీ, అందులో హీరోకు పాత్ర లేదు. కారు దిగకూడదు. పక్షులు కారును చూసి అంతగా బెదరవు, అందులోంచి దిగే మనిషిని చూస్తే బెదురుతాయి. ఫొటో అదరకుండా ఇంజను ఆపి, కిటికీ అంచున చిన్న బియ్యం సంచి వేసి దానిమీద లెన్సు ఆనించాలి. జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక రోడ్డుకు ఉత్తరం వైపు నీళ్లను చూస్తే వెలుగు మన వీపున పడుతుంది. మెడలన్నీ ఒక్కసారి నిక్కితే అక్కడే ఆగాలి. గుంపంతా ఒకే దిక్కుకు నడక మొదలెడితే మనమే వెనక్కి పోవాలి. కాసేపు కూర్చుంటే మేత చోటు మారడానికి అవే ఎగురుతాయి, ఉచితంగా.

బురదలో ఉన్న బావగారికి: గుంజకండి. వెనక్కి వాలి కూర్చుని, మడమను అటూ ఇటూ కదిలిస్తూ కాలు మెల్లగా తీయండి. చెప్పు కూడా తెచ్చుకోండి, అది అక్కడికి వలస వచ్చింది కాదు.