బెదురు కుక్కకు ఇల్లు దొరకదన్న మాట నిజం కాదు

విశాఖపట్నంలోని కాలనీల, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. వీధిలోనుంచో, వదిలేసిన ఇంటినుంచో కాపాడి తెచ్చిన కుక్క మనిషిని చూసి బెదురుతూ ఉంటే దానికి ఇల్లు వెతకడం వృథా అని దాని సారాంశం. ఆ బెదురు పుట్టుకతో వచ్చింది కనుక పోదనీ, బెదిరే కుక్క ఏదో ఒకనాడు కరిచి తీరుతుంది కనుక పిల్లలున్న ఇంటికి తగదనీ, మూడు రోజులు చూసి కలవకపోతే వెనక్కి ఇచ్చేయాలనీ, తోట ఉన్న సొంత ఇల్లు తప్ప ఫ్లాటు దానికి పనికిరాదనీ, ఏదీ కుదరకపోతే ఊరి చివర తిండి దొరికే చోట వదిలిపెట్టడమే దయ అనీ అందులో రాశారు. నేను పెదవాల్తేరులో మా ఇంట్లో ఇటువంటి కుక్కలను కొన్నాళ్ళు ఉంచుకొని, వాటికి ఇళ్ళు చూస్తూ ఉంటాను. ఒక కుక్కను తీసుకుంటామని మాట ఇచ్చిన కుటుంబం ఈ సందేశం చదివి వెనక్కి తగ్గింది. అందువల్ల ఇందులోని ఒక్కొక్క మాటకూ సమాధానం చెప్పవలసి వచ్చింది.

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెతను ఆ సందేశం మొదటి మాటకు తోడు తెచ్చుకుంది. తల్లి జంకు పిల్లలకు కొంత సంక్రమిస్తుందన్నది నిజమే. అయితే బెదురుకు మరొక పెద్ద కారణం పుట్టిన తరువాతి కొద్ది వారాలలో ఉంది. కుక్కపిల్ల సుమారు 3వ వారం నుంచి 12వ, 14వ వారం దాకా ఏయే ప్రాణులతో, ఏయే శబ్దాలతో సుఖంగా మెలగుతుందో వాటిని ఆ తరువాత మామూలు విషయాలుగా తీసుకుంటుంది. ఆ గడువులో మనిషి చేయి తగలని పిల్లకు మనిషి కొత్త మృగమే. 14 వారాల వరకు మనుషులకు దూరంగా పెంచిన పిల్లల విషయంలో అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే పరిశోధకులు 1961లోనే ఈ సంగతి నమోదు చేశారు. పూర్ణా మార్కెట్ వెనుక సందులోనో, సగంలో ఆగిన భవనంలోనో పుట్టి, మనిషి చేతినుంచి రాయి తప్ప మరేమీ ఎరగని కుక్క మనల్ని చూసి నక్కుతోందంటే, అనుభవం దానికి నేర్పిన జాగ్రత్తను పాటిస్తోందన్నమాట. వేరే రకం అనుభవాలు తగినన్ని సార్లు, తగినంత నెమ్మదిగా ఎదురైతే ఆ జాగ్రత్త సడలుతుంది.

తార అనే మూడేళ్ళ ఆడకుక్క మా ఇంటికి వచ్చిన మొదటి ఐదు వారాలు మంచం కిందనే గడిపింది. మేము నిద్రపోయాక గాని అన్నం ముట్టేది కాదు. హార్బరులో ఓడ కూత వేస్తే గోడకు మరింత ఒదిగేది. మేము చేసింది చాలా కొద్ది. రోజూ ఒకే వేళకు నేను మంచానికి ఆరడుగుల దూరంలో, దానివైపు వీపు పెట్టి కూర్చొని, ఉడికించిన కోడిమాంసం ముక్కలు నేలమీద ఒక్కొక్కటిగా జార్చేదాన్ని. భయం పుట్టని దూరంలో ఇష్టమైన తిండి పెట్టడం, ఆ దూరాన్ని జానెడేసి మాత్రమే తగ్గించడం, బెదిరిన రోజున మళ్ళీ వెనక్కి జరగడం, అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు. ఆరో వారంలో అది నా మోచేతిని వాసన చూసింది, నేను కదలలేదు. నాలుగో నెలలో తానే వచ్చి నా పాదాల పక్కన పడుకుంది. ఇప్పుడు అది సీతమ్మధారలో ఉద్యోగ విరమణ చేసిన దంపతుల ఇంట్లో ఉంది. కొత్తవాళ్ళు వస్తే నేటికీ లోపలి గదిలోకి వెళుతుంది, వాళ్ళు వెళ్ళనిస్తారు. బెదురు ఆనవాలు కూడా మిగలకపోతేనే మారినట్టు అనుకునేవారికి తార మారలేదనే అనిపించవచ్చు. తన మనుషుల మధ్య వెల్లకిలా పడుకొని నిద్రపోయే కుక్కకు అంతకన్నా ఏ మార్పు కావాలో నాకు అర్థం కాదు.

బెదిరే కుక్క కరుస్తుందన్న రెండో మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచడం కుక్కకు గాని, తీసుకునే కుటుంబానికి గాని మేలు చేయదు. కుక్కకాట్లకు భయం ఒక ముఖ్య కారణం. అయితే కాటు దాని మొదటి మాట కాదు. బెదిరిన కుక్క ముందు ముఖం పక్కకు తిప్పుకుంటుంది, పెదవులు నాకుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెలుపు కనబడేలా ఓరగా చూస్తుంది, బిగుసుకుపోతుంది, ఆ తరువాత గుర్రుమంటుంది. ఇవేవీ పనిచేయక, తప్పించుకునే దారి కూడా మూసుకుపోయినప్పుడు కరుస్తుంది. గుర్రుమన్నందుకు కుక్కను కొట్టే ఇంట్లో అది భయపడడం మానదు, హెచ్చరించడం మానేస్తుంది. అటువంటి ఇంట్లోనే హఠాత్తుగా కరిచిందన్న మాట వినిపిస్తుంది. కాబట్టి కుక్క మూలలో ఉన్నప్పుడు చేయి చాచకపోవడం, తిండి దగ్గర, నిద్రలో కదిలించకపోవడం, ఎప్పుడూ ఒక దారి తెరిచి ఉంచడం ఆ ఇంటివారు పాటించవలసిన నియమాలు. పరుగులు తీసే చిన్నపిల్లలున్న ఇంటికి నేను బెదురు కుక్కను ఇవ్వను. మూలన కూర్చొని చదువుకునే పదమూడేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి సంతోషంగా ఇస్తాను. ‘పిల్లలున్న ఇల్లు’ అని అందరినీ ఒక్క గాటన కట్టడం వల్లనే ఆ సందేశం ఇక్కడ దారి తప్పింది.

దీనితోపాటు చూడవలసింది ఒంటి నొప్పి. ఈ తీరపు ఉక్కలో గోమార్ల బెడద ఎక్కువ, వాటివల్ల వచ్చే జ్వరంతో నీరసించిన కుక్క, చెవిలో చీము పట్టిన కుక్క కూడా ఎవరినీ దగ్గరికి రానివ్వవు. స్వభావం గురించి తీర్పు చెప్పే ముందు పశువైద్యునికి చూపించాలి, రేబీస్ టీకా వేయించాలి. టీకా వేసిన కుక్కయినా కరిచినా, పళ్ళు గీసుకున్నా ఆ చోటును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ విషయంలో వెసులుబాటు లేదు.

మూడు రోజుల గడువు గురించి చెప్పిన మాట అన్నిటికన్నా హానికరమైనది. అమెరికాలో మైకేల్ హెన్నెస్సీ బృందం షెల్టరులో చేరిన కుక్కల రక్తాన్ని పరీక్షించినప్పుడు, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ మొదటి మూడు రోజుల్లోనే హెచ్చుగా ఉండి, ఆ తరువాతి రోజుల్లో తగ్గినట్టు 1997లో తేలింది. అంటే ఏ మూడు రోజుల్లో కుక్క గాభరా పతాకస్థాయిలో ఉంటుందో ఆ మూడు రోజులనే పరీక్షాకాలంగా పెట్టుకోమని ఈ సందేశం చెబుతోంది. పైగా ‘పట్టుకొని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే అదే అలవాటవుతుంది’ అన్న సలహా కూడా ఇస్తోంది. పారిపోయే దారిలేక కదలకుండా పడి ఉన్న కుక్కను చూసి శాంతించిందని అనుకుంటాము, నిజానికి అది ఆశ వదులుకున్న స్థితి.

తొందరపాటు ఫలితం నాకు స్వయంగా తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఒక గోధుమరంగు కుక్కను, అడిగినవారు మంచివారన్న ఒక్క కారణంతో, వారి గృహప్రవేశం మరునాడే పంపించాను. ఇంటినిండా చుట్టాలు, తెరిచి ఉన్న తలుపు. గంటలోపే మెడపట్టీలోంచి తల లాక్కొని వెళ్ళిపోయింది. వీధివీధినా పేరు పెట్టి పిలుస్తూ వెంటబడ్డాము, ఆ పిలుపులే దాన్ని ఇంకా దూరం తరిమాయి. చివరికి వెతకడం ఆపి, అది పడుకున్న పాత దుప్పటిని, తిండిని అది చివరిసారి కనిపించిన చోట ఉంచి, దూరంగా నేలమీద కూర్చున్నాక మూడో రాత్రి దానంతట అదే వచ్చింది. ఆ తప్పు నాది. అప్పటినుంచి ఛాతీపట్టీ, మెడపట్టీ రెంటికీ వేర్వేరు తాళ్ళు లేకుండా, ఫోను నంబరున్న బిళ్ళ లేకుండా ఏ కుక్కనూ గడప దాటనివ్వను. తీసుకునేవారు కనీసం మూడుసార్లు మా ఇంటికి వచ్చి, దాన్ని తాకకుండా కూర్చొని వెళ్ళాలని అడుగుతాను.

తోట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రహరీ తక్కువ ఎత్తున్న పెద్ద ఆవరణ బెదురు కుక్కకు పారిపోయే చోటు మాత్రమే, పైగా అటువంటి ఇళ్ళలో చాలాసార్లు దానికి మిగిలేది కాపలాపని, గొలుసు. తార ఉన్నది మూడో అంతస్తు ఫ్లాటులో. కుక్కలను పెంచరాదని నివాసుల సంఘాలు మెజారిటీ తీర్మానంతోనైనా నిషేధించలేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. నేను తోటకన్నా ముందు అడిగేవి వేరు: ఆ ఇంట్లో దానికి ఒక నిశ్శబ్దమైన మూల ఉంటుందా, రోజూ ఒకే వేళకు తిండి పెట్టేవారు ఉంటారా, ఇప్పటికే నెమ్మదైన మరో కుక్క ఉందా. ధైర్యమున్న కుక్క మనిషి చేతినుంచి తింటుంటే పక్కనున్న బెదురు కుక్క చూసి నేర్చుకుంటుంది. దీపావళి వారంలోనూ, ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలకు యుద్ధవిమానాలు తలపై హోరెత్తే రోజుల్లోనూ తీరం వెంబడి ఇళ్ళకు కుక్కను పంపించను.

ఇక చివరి మాట, ఊరి చివర వదిలేయమన్నది. వీధిలోనే పుట్టి పెరిగి, ఆ వీధివారితో సుఖంగా ఉన్న ఆరోగ్యవంతమైన కుక్కను పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స, టీకా తరువాత పట్టుకున్న చోటే తిరిగి విడవాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. అది సబబే, అటువంటి కుక్కను ఇంట్లో బంధించాలని నేనూ అనను. అయితే ఆ నియమం చెప్పేది కుక్క ఎరిగిన చోటు గురించి. ఇంట్లో పెరిగి వదిలివేయబడిన కుక్కకు, షెల్టరులో పెరిగిన పిల్లకు తిరిగి వెళ్ళడానికి వీధి అంటూ లేదు. కంబాలకొండ అంచునో, రుషికొండ హోటళ్ళ వెనుకనో దాన్ని దింపివస్తే ఆ చోట ముందే ఉన్న కుక్కలు తరుముతాయి, లేదా అది అడవిలో చొరబడి అక్కడి జీవులకు ముప్పు అవుతుంది. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును సరైన కారణం లేకుండా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం. ఆ సందేశం దీన్ని దయ అంటోంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కలను దత్తత తీసుకోదలచినవారు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేయవచ్చని చెప్పినప్పుడు కూడా, అవి మళ్ళీ వీధి పాలు కాకుండా చూసే బాధ్యతను తీసుకున్నవారి మీదనే ఉంచింది.

వెనక్కి తగ్గిన కుటుంబంతో నిన్న మాట్లాడాను. ఆ సందేశం పంపినది వారి పెద్దబావగారట, ఆయనతో కలిసి ఆదివారం సాయంత్రం వస్తామన్నారు. ఎవరూ కుక్కను పేరు పెట్టి పిలవవద్దనీ, కళ్ళలోకి చూడవద్దనీ, వసారాలో అది ఉన్న వైపు వీపు పెట్టి కూర్చోవాలనీ ముందే చెప్పాను. కోడిమాంసం ముక్కలు ఆయన చేతికే ఇస్తాను.