బరువు తగ్గిన యంత్రాలు: ‘పసిఫిక్ రిమ్: అప్‌రైజింగ్’ ఎక్కడ తేలిపోయింది?

2018 మార్చి 4న గియెర్మో దెల్ తోరో ‘ది షేప్ ఆఫ్ వాటర్’ సినిమాకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నారు. ఉత్తమ చిత్రం అవార్డు కూడా దానికే దక్కింది. మూడు వారాలు తిరక్కముందే, మార్చి 23న, ఆయన ‘పసిఫిక్ రిమ్’లో తెరకెక్కించిన లోకంలోనే మరొకరు తీసిన సీక్వెల్ ‘పసిఫిక్ రిమ్: అప్‌రైజింగ్’ విడుదలైంది. నిర్మాతల జాబితాలో దెల్ తోరో పేరుంది. తెర మీద ఆయన ఆనవాళ్లు మాత్రం వెతుక్కోవాలి. ఆయన లేడు కాబట్టే సినిమా పోయిందని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేశారు. కాదనడానికి లేదు గానీ ఆ మాటతో తెలిసేదీ ఏమీ లేదు. ఆయనతోపాటు పోయిందేమిటన్నదే అసలు ప్రశ్న. నన్నడిగితే పోయింది బరువు. యంత్రాల ఒంటి బరువూ పోయింది, వాటిని నడిపే మనుషుల గుండెల్లోని బరువూ పోయింది.

2013లో వచ్చిన మొదటి సినిమా కథను చిన్నపిల్లలకు కూడా రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. పసిఫిక్ మహాసముద్రం అడుగున ఒక పగులు తెరుచుకుంటుంది. అందులోంచి కైజూలనే మహాకాయ జంతువులు వచ్చి నగరాలను తొక్కేస్తుంటాయి. వాటితో తలపడడానికి మనుషులు యేగర్లనే భారీ యంత్రాలను తయారుచేస్తారు. ఆ యంత్రాన్ని నడిపే భారం ఒక్క మెదడు తట్టుకోలేదు గనక ఇద్దరు పైలట్లు కావాలి. ఆ ఇద్దరి మెదళ్లనూ కలిపే పద్ధతి పేరు డ్రిఫ్ట్. లాజిక్ వెతికితే చిల్లులు బోలెడు కనిపిస్తాయి. (అంత పెద్ద యంత్రంలో కూర్చుని పిడిగుద్దులు గుద్దుకునే బదులు దూరం నుంచే పేల్చెయ్యొచ్చుగా అని అడగాలనిపిస్తుంది. అడగకపోతేనే సినిమా బాగుంటుంది.) ఇంత పిల్లతనం ఉన్న కథను నమ్మించగలిగిందంటే దానికి కారణం ఆ యంత్రాలు కదిలిన తీరు.

హీరో నడిపే యేగర్ పేరు జిప్సీ డేంజర్. ఎత్తు దాదాపు 80 మీటర్లు, అంటే సగటు మనిషికి 45 రెట్ల పైమాటే. బడిలో చదువుకున్న లోలకం సూత్రం ఇక్కడ పనికొస్తుంది. పొడవు పెరిగేకొద్దీ ఊగడానికి పట్టే సమయం ఆ పెరుగుదలకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. నడిచే కాలు కూడా ఒక రకం లోలకమే. ఆ లెక్కన మనం అర సెకనులో వేసే అడుగు జిప్సీకి మూడు సెకన్లు దాటాలి. దాని తలంత ఎత్తు నుంచి రాలిన వస్తువు నేలను చేరడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ప్రేక్షకుడు ఈ లెక్కలు వేసుకోడు, అతని కన్ను వేసేసుకుంటుంది. నమూనా బొమ్మలతో సినిమాలు తీసిన రోజుల్లో కెమెరామెన్ నమ్ముకున్నదీ ఈ సూత్రాన్నే. అసలు పరిమాణంలో పదహారో వంతు ఉన్న నమూనాను సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 ఫ్రేములతో తీసి మామూలు వేగంతో చూపిస్తే, బొమ్మ భవనం నిజం భవనంలా కూలుతుంది. 1954 నాటి ‘గాడ్జిల్లా’లో సూటు తొడుక్కున్న నటుడు కొండలా కదలడం వెనక కూడా ఈ కిటుకు ఉంది.

దెల్ తోరో, విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ ఐఎల్ఎం నిపుణులు కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఆ పాత క్రమశిక్షణను పాటించారు. చెయ్యి ఎత్తడం మొదలైన చాలాసేపటికి గానీ దెబ్బ తగలదు. మధ్యలో నీళ్లు జారతాయి, మోకాలి కీళ్లు మూలుగుతాయి. హాంకాంగ్ పోరాటంలో జిప్సీ ఒక ఓడను వీధుల్లో ఈడ్చుకుంటూ వచ్చి, కర్రలా ఎత్తి కైజూను బాదుతుంది. ఆ ఈడ్చుకురావడాన్ని దర్శకుడు తొందరపడకుండా చూపించారు, ఆ సీను సరదా అంతా అందులోనే ఉంది. అదే పోరాటంలో గురితప్పిన పిడికిలి ఒక ఆఫీసు భవనంలోంచి దూసుకుపోతూ బల్లలనూ గోడలనూ చీల్చేసి, ఊపు తగ్గి, చివరికి ఒక బల్ల మీదున్న ఉక్కు గోళీల బొమ్మను అలా తాకి ఆగిపోతుంది. గోళీలు టక్ టక్‌మని ఊగుతాయి. వేల టన్నుల బలాన్నీ వేలెడంత బొమ్మనూ ఒకే ఫ్రేములో పెట్టిన ఆ ఒక్క షాట్ కోసం నేను ‘అప్‌రైజింగ్’ మొత్తాన్ని వదులుకుంటాను.

గ్రాఫిక్స్ లోపాలు కనపడకుండా ఉండడానికే రాత్రి, వాన పెట్టారని వెక్కిరించిన వాళ్లున్నారు. వాన దాచినదాని కన్నా చూపించింది ఎక్కువ. లోహపు భుజం మీద పడ్డ చినుకులు వాగుల్లా పారుతుంటేనే ఆ భుజం ఎంత వెడల్పో మనకు అర్థమవుతుంది.

రెండో సినిమాలో పోరాటాలు ఎక్కువగా పట్టపగలే జరుగుతాయి. దర్శకుడు స్టీవెన్ ఎస్. డినైట్‌కు ఇది తొలి చిత్రం. అంతకుముందు టీవీలో ‘స్పార్టకస్’, ‘డేర్‌డెవిల్’ మొదటి సీజన్ నడిపిన అనుభవం ఉంది, కొట్లాటను ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలిసేలా తియ్యడం ఆయనకు వచ్చు. టోక్యో క్లైమాక్స్‌లో ప్రతిదీ స్పష్టంగా కనిపిస్తుంది. చిక్కల్లా కనిపించే వస్తువులతోనే. యేగర్లు పరుగెత్తుతాయి, గెంతుతాయి, ఒకటైతే జిమ్నాస్ట్‌లా మెలికలు తిరుగుతుంది. కొత్త యేగర్ జిప్సీ అవెంజర్ దగ్గర గురుత్వాకర్షణతో లాగే ఆయుధం ఒకటుంది. దాన్ని ప్రయోగిస్తే భవనాలు వాటంతటవే కైజూల మీద కూలతాయి. మొదటి సినిమాలో ఓడను ఈడ్చిన శ్రమ ఇక్కడ లేదు, శ్రమ లేకపోయేసరికి ఆ కూలడంలో పస కూడా లేదు. కెమెరా ఎక్కువసేపు యేగర్ల భుజాల ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఆ ఎత్తు నుంచి చూస్తే 80 మీటర్ల యంత్రం కవచం వేసుకున్న మామూలు మనిషిలాగే ఉంటుంది. కింద రోడ్డు మీద నిలబడి తలెత్తి చూసేవాడు ఫ్రేములో ఉన్నంతసేపే అది యేగర్.

ఇదంతా కంటికి సంబంధించింది. సినిమాకు ఇంతకన్నా గట్టి దెబ్బ డ్రిఫ్ట్ విషయంలో తగిలింది.

మొదటి సినిమాలో డ్రిఫ్ట్‌కు వెల కట్టాల్సి ఉంటుంది. ఆరంభంలోనే హీరో రాలీ వాళ్ల అన్నయ్య యాన్సీ చనిపోతాడు. ఆ క్షణంలో ఇద్దరి మెదళ్లూ కలిసే ఉన్నాయి, అన్న చావు భయం తమ్ముడి తలలో ఉండిపోయింది. తర్వాత రాలీ పక్కన కూర్చునే మాకో మోరికి చిన్నప్పటి జ్ఞాపకం ఒకటుంది. కూలిన టోక్యో వీధిలో, చేతిలో ఒక ఎర్ర బూటుతో, ఏడుస్తూ నడిచే ఒంటరి పిల్ల. మొదటిసారి డ్రిఫ్ట్‌లోకి వెళ్లగానే మాకో ఆ జ్ఞాపకంలో ఇరుక్కుపోతుంది. తలలో కైజూ నుంచి పారిపోతుంటే, బయట హ్యాంగర్‌లో ఆమె నడిపే యేగర్ చెయ్యి ఫిరంగిగా మారి సొంత మనుషుల వైపే గురిపెడుతుంది. ఒకరి గాయం ఇంకొకరి కళ్ల ముందు తెరుచుకోవడం, ఆ గాయాన్ని దాటితే గానీ యంత్రం కదలకపోవడం అనే ఆలోచన వల్లే రోబోల కొట్లాటకు మనసంటూ ఏర్పడింది. పిల్లను ఆ రోజు కాపాడిన పైలట్ పెంటికోస్ట్, ఇప్పుడు ఆమె పెంపుడు తండ్రి, ఆమెను యేగర్ ఎక్కనివ్వడానికి ఎందుకు వెనకాడుతున్నాడో ఆ ఒక్క సీనులో తెలిసిపోతుంది. సంభాషణల అవసరం పెద్దగా పడలేదు.

‘అప్‌రైజింగ్’లో డ్రిఫ్ట్ అంటే సీటుబెల్టు. పెట్టుకోవడం, బండి తీయడం. కొత్తమ్మాయి అమారాకు సాంటా మోనికా రేవులో కుటుంబాన్ని పోగొట్టుకున్న గతం ఉంది, అది కాసేపు మెరుస్తుంది కూడా. కానీ దానివల్ల ఏ పోరాటం ఆగదు, ఏ చెయ్యీ వణకదు. హీరో జేక్, పెంటికోస్ట్ సొంత కొడుకు. మొదటి సినిమాలో ఇతని ఊసే లేదు. సీక్వెళ్లకు వారసులు ఇలాగే ఊడిపడుతుంటారు కాబట్టి ఆ ఒక్కటీ క్షమించొచ్చు. జాన్ బోయెగాకు తెర మీద మంచి చలాకీతనం ఉంది, సినిమాను చాలావరకు తన నవ్వుతోనే లాక్కొచ్చాడు. అయితే తండ్రి పేరు మోయలేక పారిపోయిన కొడుకు తల్లోకి ఇంకొకరు దిగితే ఏం కనిపిస్తుందో చూపించకపోతే, ఆ కొడుకుని ఈ కథలో పెట్టడం దేనికి?

ఇక మాకో. మొదటి సినిమా తర్వాత అభిమానుల్లో ఆమె పేరుతో ఒక పరీక్షే పుట్టింది. కథలో కనీసం ఒక స్త్రీ పాత్ర ఉండాలి, ఆమెకు సొంత కథ ఉండాలి, ఆ కథ మగ పాత్ర కథకు ఊతకర్రగా మిగలకూడదు. అలాంటి మాకోను ఈ సీక్వెల్, ఒక అధికారిగా కూర్చోబెట్టి, జేక్‌తో నాలుగు మాటలు మాట్లాడించి, సిడ్నీలో హెలికాప్టర్ కూల్చి చంపేసింది. ఆమె చావుతో తమ్ముడికి బాధ్యత తెలిసొస్తుంది. మాకో పేరుతో ఉన్న పరీక్షలో మాకోనే ఫెయిల్ చేసిన రచనా విభాగం అది. రింకో కికుచి లాంటి నటి చేతిలో ఉండగా ఈ పని చేశారంటే, మొదటి సినిమాలో జనం దేన్ని ప్రేమించారో వాళ్లు చూడనే లేదు. జేక్, మాకో ఇద్దర్నీ ఒకే యేగర్‌లో కూర్చోబెట్టి ఉంటే? కన్నకొడుకూ పెంపుడు కూతురూ ఒకే తండ్రిని చెరోవైపు నుంచీ గుర్తు చేసుకుంటారు. రాయకుండా వదిలేసిన ఆ సీను ఈ సినిమాలోని ఏ సీను కన్నా బాగుంటుంది.

ఆలోచనలు లేని సినిమా అనడానికీ వీల్లేదు. షావో అనే కంపెనీ పైలట్లు లోపల కూర్చోనక్కర్లేని డ్రోన్ యేగర్లను తయారుచేస్తుంది. సీక్వెల్ మొత్తానికి సరిపోయే సరుకు అది. దూరంగా కుర్చీలో కూర్చుని నడిపే వీలుంటే, ఇద్దరు మనుషులు ఒకరి గాయాన్ని ఒకరు మోయాల్సిన అవసరం ఇంకా ఉందా? 1991లో ‘టెర్మినేటర్ 2’ చేసింది ఇలాంటి పనే. మొదటి భాగంలో హంతకుడైన యంత్రాన్నే పిల్లాడికి కాపలాగా నిలబెట్టి జేమ్స్ కామెరాన్ పాత ప్రశ్నను తిరగేశారు. ఇక్కడ ఆ ప్రశ్న పుట్టీ పుట్టకముందే డ్రోన్లలోంచి కైజూ కణజాలం బయటపడి, అవి మనుషుల మీద తిరగబడతాయి. చర్చ ముగిసింది, కొట్లాట మొదలైంది. ఇంకా చిత్రమేమిటంటే, క్లైమాక్స్‌లో షావో అధినేత్రి స్క్రాపర్ అనే చిన్న యేగర్‌ను దూరం నుంచే నడిపి అందరినీ ఆదుకుంటుంది. దూర నియంత్రణ ప్రమాదమా, వరమా? సినిమా ఆ సంగతే పట్టించుకోలేదు.

న్యూటన్ విషయమూ అంతే. మొదటి సినిమాలో కైజూ మెదడుతో డ్రిఫ్ట్ అయిన శాస్త్రవేత్త ఇప్పుడు కైజూలను పంపే వేరే లోకపు శత్రువుల చేతిలో కీలుబొమ్మ. ఇంట్లో ఒక కైజూ మెదడును దాచుకుని, దానికి ఆలిస్ అని పేరు పెట్టి, రోజూ దానితో కలుస్తుంటాడు. ఇది నిఖార్సైన దెల్ తోరో తరహా ఊహ. అసహ్యం, జాలి, కొంచెం ప్రేమ, మూడూ కలిసి ఉన్నాయి. డ్రిఫ్ట్ మనిషిని తినేస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఒక ట్విస్టు కోసం దాన్ని దాచిపెట్టి, ట్విస్టు పేలాక అతన్ని మామూలు విలన్‌గా అరిపించారు.

ఈ వైఫల్యాన్ని చైనా మార్కెట్ మీదకు నెట్టేసే వాదన ఒకటుంది. 2016లో చైనా సంస్థ వాండా దాదాపు 350 కోట్ల డాలర్లకు నిర్మాణ సంస్థ లెజెండరీని కొనేసింది, షావో పాత్రకు అంత చోటు దొరికింది అందుకేనంటారు. కావచ్చు. కానీ లెక్కలు చూస్తే మొదటి సినిమా ప్రపంచమంతా కలిపి దాదాపు 41 కోట్ల డాలర్లు వసూలు చేసింది, అందులో చైనా వాటా 11 కోట్లు, అమెరికా కన్నా ఎక్కువ. అంటే అక్కడి ప్రేక్షకులు ఎర్ర బూటు పిల్లనూ, నెమ్మదిగా లేచే పిడికిలినీ అలాగే ఒప్పుకున్నారు. వాళ్ల కోసం ఏదీ తేలిక చెయ్యనక్కర్లేదు. సీక్వెల్ మొత్తం వసూళ్లు 29 కోట్ల దగ్గర ఆగాయి, అమెరికాలో 6 కోట్లు. నిడివి మాత్రం 131 నిమిషాల నుంచి 111కి తగ్గింది. ఆ తగ్గిన ఇరవై నిమిషాల్లో ఎవరో ఒకరు ఊపిరి తీసుకుని ఉండేవారు.

క్లైమాక్స్‌లో జిప్సీ అవెంజర్ వాతావరణం అంచుల దాకా ఎగిరి, ఫుజి పర్వతం మీద మెగా కైజూ నెత్తిన పడుతుంది. మూడు రాక్షసాలు కలిసి ఒకటైన జంతువు అది. సినిమా మొత్తంలో యేగర్ బరువే ఆయుధమైన సందర్భం అదొక్కటే, అక్కడ నిజంగానే కాసేపు ఒళ్లు జలదరిస్తుంది. ఆ వెంటనే జేక్, అమారా మంచు ఉండలు విసురుకుని ఆడుకుంటారు. టోక్యోలో అంత విధ్వంసం జరిగిన అరగంటకే.

చివర్లో జేక్, బందీగా ఉన్న న్యూటన్‌కు ఈసారి మేమే మీ లోకం మీదకు వస్తామని సవాలు విసురుతాడు. ఆ మూడో సినిమా రాలేదు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘పసిఫిక్ రిమ్: ది బ్లాక్’ అనే యానిమేషన్ సిరీస్ వచ్చింది. ఆస్ట్రేలియాలో తల్లిదండ్రుల జాడ తెలియని అన్నాచెల్లెలు, వాళ్లకు దొరికిన ఆయుధాల్లేని పాత శిక్షణ యేగర్. అన్ని ఎపిసోడ్లూ ఒకే స్థాయిలో లేవు, రెండు సీజన్లతో అది ముగిసింది కూడా. కానీ ఆ యంత్రం అడుగు వెయ్యాలంటే ముందు ఆ ఇద్దరూ ఒకరి తలలో ఒకరు ఉండగలగాలన్న సంగతి దాన్ని రాసినవాళ్లకు గుర్తుంది.