పుస్తకం చేతిలో ఉంటే మనిషి ఖాళీగా ఉన్నట్టేనా?

నిన్న సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎన్నో ఏళ్ల తరువాత ఒక నవలలో 43వ పేజీ దాకా రాగలిగానన్న సంతోషంలో నేనుండగా, కూతురి పెళ్లికి పిలవడానికి వచ్చిన మా బావగారు గుమ్మంలోంచే నన్ను చూసి, “ఏమ్మా, ఖాళీగానే ఉన్నట్టున్నావు, కాస్త టీ పెట్టు” అన్నారు. ఆయనకు మూడడుగుల దూరంలో సోఫాలో వాలి, ఎవరో కుక్కకు స్నానం చేయిస్తున్న రీలును నాలుగోసారి చూస్తున్న మా వారిని మాత్రం, “వాణ్ణి కదపకులే, ఏదో ఆఫీసు పనిలో ఉన్నట్టున్నాడు” అని ఎంతో జాలిగా వదిలేశారు. టీ పెట్టాను. అల్లం వేయలేదు. అల్లం లేని టీ ఆయనకు గొంతు దిగదని పాతికేళ్లుగా నాకు తెలుసు.

ఈ ఉగాదికి నేను నాలుగు నియమాలు పెట్టుకున్నాను: రోజుకు ఇరవై పేజీలు చదవడం, పొద్దున్నే ఇందిరా పార్కులో రెండు చుట్లు నడవడం, పడుకునే ముందు డైరీలో అయిదు వాక్యాలు రాయడం, నెలకొక ఉత్తరం చేత్తో రాసి పోస్టు చేయడం. వీటిలో నడకకు ఇంట్లో ఎవరి అభ్యంతరమూ లేదు, ఎందుకంటే అది డాక్టరు చెప్పిన పని. ఉత్తరం సంగతికొస్తే, బందరులో ఉన్న మా పిన్నికి రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ కవరు నిండా నా కబుర్లన్నీ రాసి పంపితే, అది అందిన మధ్యాహ్నమే ఆవిడ కంగారుగా ఫోన్ చేసి, “ఏమైందే, మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?” అని అడిగింది. చదవడం ఒక్కటే ఎవరికీ మింగుడుపడడం లేదు. పుస్తకం పట్టుకున్న మనిషిని పిలవవచ్చు, లేపవచ్చు, పాలవాడికి డబ్బులిచ్చి రమ్మనవచ్చు. ఫోన్ పట్టుకున్న మనిషిని పలకరించాలంటే మాత్రం అందరికీ ఎక్కడలేని మొహమాటం.

పోనీ, ఇంట్లో కుదరకపోతే గ్రంథాలయానికే పోదామని పోయిన వారం సెలవు పెట్టి మరీ మా ఇంటికి దగ్గరలో ఉన్న దానికి వెళ్లాను. కుర్చీలన్నీ గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలతో నిండిపోయి ఉన్నాయి. టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు, నడుము నొప్పి రాకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న దిండ్లతో తెల్లవారుజామునే వచ్చి చోటు పట్టుకున్న పిల్లలు వాళ్లు. వాళ్లను నేను ఒక్క మాట అనను. నా తెల్ల జుట్టు చూసి పక్కకు జరిగి చోటిచ్చిన కుర్రవాడు, “మేడమ్, మీరు ఏ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నారు?” అని మర్యాదగానే అడిగాడు. ఏ పరీక్షకూ కాదు బాబూ అంటే, పాపం, నాకేదో చెప్పుకోలేని కష్టం వచ్చిందనుకున్నట్టున్నాడు, తన సీసాలోని నీళ్లు ఇవ్వబోయాడు.

ఇదే హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైనప్పుడు రావిచెట్టు రంగారావుగారు రామ్‌కోటిలోని తమ ఇంట్లోనే దానికి చోటిచ్చారు. నిజాం పాలనలో తెలుగు చదువుకోవడానికి ఒక నీడ కావాలని తపించిన మనుషులు వాళ్లు. ఆ ఇంటికి వచ్చిపోయే చుట్టాలెవరూ అక్కడ కూర్చుని చదువుకుంటున్న వాళ్లను టీ పెట్టమని పురమాయించి ఉండరని నా నమ్మకం. ఇప్పుడు మా ఇంట్లో పుస్తకానికి మర్యాద దక్కే చోటు ఆస్తి పన్ను రసీదు ఒక్కటే: రూపాయి పన్నుకు 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను అందులో కలిసే ఉంటుంది. అయిదు శాతం తగ్గింపు పోతుందేమోనని ఏప్రిల్‌లోనే పరుగెత్తుకెళ్లి దాన్ని కట్టి వచ్చే మా వారికి, తాము ఊరందరి చదువుకూ డబ్బు కడుతున్నామనీ, ఇంట్లో మనిషిని మాత్రం ఇరవై పేజీలు చదవనివ్వడం లేదనీ ఎప్పుడైనా తట్టిందో లేదో నాకు తెలియదు.

నిజం చెప్పాలంటే, నా కోపం నిన్నటి టీ మీద కాదు. 2014లో మేము బాగ్‌లింగంపల్లి అద్దె ఇంటి నుంచి ఈ ఫ్లాటుకు మారినప్పుడు సాయానికి వచ్చింది ఈ బావగారే. “కొత్త ఇంట్లోకి ఈ చెదలెందుకమ్మా” అంటూ, నేను వంటింటి సామాను సర్దుకుంటున్న గంటలో, మా నాన్న పుస్తకాలున్న రెండు అట్టపెట్టెలను పాత పేపర్లు కొనే అతనికి కిలో ఎనిమిది రూపాయల లెక్కన తూకం వేయించి ఇచ్చేశారు. ఆ డబ్బుతో అందరికీ వేడివేడి మిర్చి బజ్జీలు తెప్పించారు. అవి ఏ డబ్బుతో వచ్చాయో తెలియక నేనూ రెండు తిన్నాను. పదేళ్లు దాటినా, ఆ బజ్జీలు నాకింకా అరగలేదు.

అప్పటి నుంచి ఎప్పుడు ఆదివారం అబిడ్స్ వైపు వెళ్లినా, మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర ఆగి, పేరు చూడకముందే మొదటి పేజీ తిప్పి చూస్తాను. మా నాన్న ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేవారు, దాని కింద కొన్న తేదీ, ఇచ్చిన ధర. ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. ఇప్పుడు నేను చదువుతున్న నవల అక్కడే 80 రూపాయలకు కొన్నాను, అందులో ఎవరిదో నీలి సిరా సంతకం, 1978 అని ఉంది. అది ఎవరి బావగారి పుణ్యమో.

నిన్న ఆయన వెళ్లాక, బంగారు రంగు అచ్చుతో దళసరిగా ఉన్న శుభలేఖను 43వ పేజీలో గుర్తుగా పెట్టుకున్నాను. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకట, కొంపల్లి అవతల ఏదో ఫంక్షన్ హాలులో. పుస్తకం వెంట తీసుకుని వెళుతున్నాను.